అడవిలో సున్నం గీత

ముప్ఫై ఏళ్ళకు పైగా బస్తర్ ఇనుప కొండల మీద కొలతలు తీసి రిటైరైన సర్వేయర్‌కి మిగిలేవి రెండే: అరిగిపోయిన మోకాళ్ళు, అదుపు తప్పిన నోరు. మోకాళ్ళ సంగతి డాక్టరు చూసుకుంటాడు. నోటి సంగతి మీరు భరించాలి. మా బచేలీ టౌన్‌షిప్‌లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కుర్రాళ్ళు సాయంత్రం నడకలో కలిసి, "అంకుల్, మీ అనుభవంలో మరిచిపోలేని రోజేది?" అని అడుగుతుంటారు. గనిలో ఏదో పెద్ద బ్లాస్టింగ్ కథ చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పేది సున్నం కథ. అది కూడా రిటైరయ్యాక జరిగింది. ఉద్యోగం వదిలినా పని మనిషిని వదలదు కదా.

ఓరియంటీరింగ్ అనే ఆట ఒకటుంది. అదేమిటో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే మా దగ్గర దాన్ని నిర్వహించినవాళ్ళకే అది చివరిదాకా తెలియలేదు. చేతికి ఒక మ్యాపు, ఒక దిక్సూచి ఇచ్చి అడవిలోకి వదులుతారు. మ్యాపులో అంకెలు వేసిన చోట్ల నారింజ, తెలుపు రంగుల గుడ్డ జెండాలు ఉంటాయి. ఒక్కో జెండా దగ్గరా ఒక చిన్న పెట్టె. వేలికి తగిలించుకున్న చిప్‌ను దానికి తాకించి, వరుస తప్పకుండా అన్నీ పూర్తి చేసి తిరిగి రావాలి. ఒక జెండా నుంచి ఇంకో జెండాకు దారి ఎవరూ చూపించరు. కొండెక్కి దిగుతావో, వాగు చుట్టి వెళతావో నీ ఇష్టం, నీ బుర్ర. ఆట మొత్తం ఆ దారి వెతుక్కోవడంలోనే ఉంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, మిగతా కథ అదే అర్థమవుతుంది.

ఆ ఏడాది అంతర్జాతీయ సీజన్‌లో మూడు పోటీలు పెట్టారు. మొదటి రెండూ చలి దేశాల్లో. మూడోది, చివరిది, మా బస్తర్‌లో. ఇక్కడికెలా వచ్చిందంటే, దానికి కారకుడు మా కార్యదర్శి గారు. జగదల్‌పూర్‌లో మూడు తరాలుగా కలప వ్యాపారం చేసిన తెలుగు కుటుంబం ఆయనది. ఆ చుట్టుపక్కల ఏ ఆటకు సంఘం ఉన్నా దానికి ఆయనే అధ్యక్షుడు, కాకపోతే కార్యదర్శి. జన్మలో బస్సు అందుకోవడానికి కూడా పరుగెత్తి ఎరగడు. అయినా మెళ్ళో విజిల్ వేలాడుతూనే ఉండేది. దాన్ని ఊదగా నేనెప్పుడూ వినలేదు.

మ్యాపు గీయడానికి విదేశాల నుంచి నిపుణుణ్ణి పిలిపించాలని నియమాల్లో సలహా ఉంది. కార్యదర్శి గారికి ఆ ఖర్చు నచ్చలేదు. "అరే భాయ్, మన దగ్గర సర్వేయర్ లేడా ఏంటి? కొండ మనది, సర్వేయర్ మనవాడు. టెన్షన్ ఎందుకు?" అంటూ మా ఇంటికొచ్చి శాలువా కప్పాడు. శాలువాకు లొంగని రిటైర్డ్ ఉద్యోగి ఇంకా పుట్టలేదు. నేనూ లొంగాను.

ఆ చలికాలమంతా టౌన్‌షిప్ వెనక అడవిలో తిరిగాను. పోలీసు క్యాంపు వాళ్ళు మందుపాతరల కోసం అడవినంతా ముందే జల్లెడ పట్టారు కాబట్టి భయపడాల్సింది ఎలుగుబంట్లకే. మ్యాపు గీసి పంపితే, పోటీని పరిశీలించడానికి వచ్చిన విదేశీ ఆవిడ దాని నిండా ఎర్ర సిరాతో గుర్తులు పెట్టి వెనక్కి పంపింది. ఆవిడ పొడుగ్గా, నవ్వు తక్కువగా ఉండే మనిషి. "నువ్వు భూమి లోపల ఏముందో గీశావు. పరుగెత్తేవాళ్ళకు కావాల్సింది కంటికి కనిపించేది. పుట్టలేవి? బండరాళ్ళేవి?" అని ఇంగ్లీషులో కడిగేసింది. చెదపుట్టను మ్యాపులో పెట్టమన్నవాళ్ళు నా సర్వీసు మొత్తంలో ఎవరూ లేరు. రోషం వచ్చింది. రెండు రోజులు ముఖం ముడుచుకుని, మూడో రోజు పుట్టల వేటలో పడ్డాను. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదేనని మా ఆవిడ ఎద్దేవా చేసింది.

ఇక అసలు మనిషి గురించి చెప్పాలి. మన దేశం తరఫున పరుగెత్తిన అమ్మాయిల్లో ఒకతె కిష్టారం అవతలి పల్లె నుంచి వచ్చింది. దంతెవాడ ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నప్పుడు అక్కడి వ్యాయామ మేస్టారు ఈ ఆట నేర్పాడట. ఇంట్లో మాట్లాడేది దోర్లీ, బళ్ళో హిందీ, మాలాంటివాళ్ళతో భద్రాచలం తెలుగు. మరీ వేగంగా పరుగెత్తేది కాదు. కానీ మ్యాపు చూస్తూ ఆగకుండా పరుగెత్తేది. మిగతావాళ్ళు ఆగి దిక్సూచి తిప్పుకునేలోపు ఈ పిల్ల చెట్ల మధ్య మాయమయ్యేదని చూసినవాళ్ళు చెప్పారు. మొదటి పోటీలో మంచు కింద రాళ్ళు, గుంతలు అన్నీ ఒకేలా కనిపించి బాగా వెనకబడింది. రెండోదానిలో పుంజుకుంది. మూడోది కూడా బాగా వస్తే సీజన్ మొత్తం మీద వచ్చే మార్కులతో మరుసటి ఏడాది జాతీయ జట్టులో చోటు, దానితోపాటు శిక్షణ, చదువు ఖర్చు. రాకపోతే, లేదా ఈ పోటీయే రద్దయితే, తిరిగి పల్లెకు. అక్కడ పెళ్ళి మాటలు అప్పటికే నడుస్తున్నాయి. ఆ పిల్లకు ఉన్నది ఆ ఒక్క పరుగు.

పోటీకి వారం ముందు టౌన్‌షిప్ గెస్ట్‌హౌస్‌లో దిగి ఓ పూట మా ఇంటికి వచ్చింది. నేను మ్యాపు గీసినవాణ్ణి కాబట్టి అడవి గురించి ఒక్క మాట చెప్పకూడదు, తను అడగకూడదు. ఆ మాట నేను అనేలోపే తనే, "నీ అడవి ముచ్చట నాకొద్దు తాతా, పెరుగన్నం పెట్టియ్యి చాలు" అంది. మా ఆవిడకు ఆ మాట ఎంత నచ్చిందో, ఆవకాయ కొత్త జాడీ తెరిచింది.

"ఆ దేశాల్లో అడవులెలా ఉన్నాయే తల్లీ?" అని అడిగాను.

"చీమల పుట్టలు నడుమెత్తు ఉంటయి తాతా. గడ్డి మెత్తగ ఉంటది. కానీ అడవిల ఒక్క మనిషి ఉండడు. ఇప్పపువ్వు ఏరేటోళ్ళు లేరు, కట్టెలు కొట్టేటోళ్ళు లేరు. అదేం అడవేంది?" అంది అన్నం కలుపుకుంటూ.

పోటీకి ముందురోజు పొద్దున్న, జెండాలు సరిగా ఉన్నాయో లేదో ఆఖరుసారి చూడడానికి పరిశీలకురాలితో కలిసి అడవికి వెళ్ళాను. పోటీ మొదలయ్యే బడి మైదానం నుంచి అడవిలోకి నాలుగడుగులు వేశామో లేదో ఆవిడ టక్కున ఆగిపోయింది. నేల మీద, ఎండిన సాల్ ఆకుల మీద, తెల్లటి సున్నం గీత. మూడు వేళ్ళ మందాన, తిన్నగా, మొదటి జెండా దాకా. అక్కడి నుంచి మలుపు తిరిగి రెండో జెండాకు. అక్కడి నుంచి మూడోదానికి. పోటీ దారి మొత్తం ముగ్గు వేసినట్టు పరిచారు. అది చాలదన్నట్టు గీత పొడుగునా చెట్ల మొదళ్ళకు గేరు ఎర్రమట్టి, సున్నం పట్టీలు. ముఖ్య అతిథి వస్తున్నాడంటే రోడ్డు పక్క చెట్లకు వేస్తారు చూడండి, ఆ ఎరుపు, ఆ తెలుపు. ఇక నారింజ, తెలుపు జెండా ఆ రంగుల చెట్లలో ఎక్కడుందో నాకే కనిపించలేదు, కట్టినవాణ్ణి నేనే అయినా. చెట్టు కింద ఇప్పపువ్వు ఏరుకుంటున్న ముసలమ్మ మమ్మల్ని చూసి, మా కోసమే కాబోలనుకుని, పక్కకు జరిగి గీత మీద నడవమని సైగ చేసింది.

పరిశీలకురాలు వంగి ఆ సున్నాన్ని వేలితో రాసి చూసింది. చివరికి ఒకే మాట అంది: "రద్దు."

కోపం తర్వాత వచ్చింది. ముందు కళ్ళముందు కనిపించింది ఆ పిల్ల పెరుగన్నం కలుపుకుంటున్న చెయ్యి.

నేరుగా కార్యదర్శి గారి దగ్గరికి వెళ్ళాను. మైదానంలో వేదికకు గుడ్డలు కట్టిస్తున్నాడు. నన్ను చూసి రెండు చేతులూ చాచాడు.

"చూశారా సర్వేయర్ సాబ్! ఎట్లా ఉంది? మజ్దూర్లను పెట్టించి మొత్తం చేయించేశా. విదేశీ మెహమాన్లు కదా, అడవిలో తప్పిపోతే ఎవరు జవాబు చెప్తారు?"

"ఏటండీ ఇది! తప్పిపోకుండా వెతుక్కోవడమే కదా ఆట! దారి గీసేశాక ఇంకేటి మిగిలింది?"

"అదేంటండీ, మన ఇలాకాలో సున్నం గీత అంటే సేఫ్టీ. చిన్న పిల్లాడికి కూడా తెలుసు. గీత మీద నడిస్తే ఢోకా లేదు. వాళ్ళకు ఈజీ అవుతుందని చేస్తే మీరు నారాజ్ అవుతున్నారేం?"

చదరంగం ఆడేవాణ్ణి ఆట మధ్యలో అవతలివాడి రాజును జేబులో వేసుకు రమ్మనే మనిషికి ఏమని చెబుతాం? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు నియమాల పుస్తకం తీసి చదివాను. ఆయన మధ్యలో రెండుసార్లు "బరాబర్, బరాబర్" అని తలూపి, గుడ్డ కట్టేవాడితో "ఇంకొంచెం పైకి" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. నేను మొదట గీసిన పోటీ దారి వేరే ఉంది. రెండో కొండ వైపు, బండల మధ్య, చక్కగా కుదిరిన దారి. అది పరిశీలకురాలికి నచ్చింది, మ్యాపులు అచ్చయ్యాయి. కానీ ఆ దారిలో పోటీ ముగిసే చోటు వేదికకు కనిపించదని, ముఖ్య అతిథి ఫొటోలో పరుగెత్తేవాళ్ళు పడరని కార్యదర్శి గారు మార్పించాడు. ఆ కొండ వైపు ముఖ్య అతిథి కారు వెళ్ళదు కాబట్టి అటు చెట్లకు ఎవరూ రంగు వేయలేదు, సున్నం పోయలేదు.

"ఆ పాత మ్యాపులేమయ్యాయి?" అని అడిగాను.

"ఉన్నాయిగా. ఏం కాయితమండీ అది! నీళ్ళు పీల్చదు, నూనె పీల్చదు. ఫస్ట్ క్లాస్ మాల్!"

వేదిక వెనక చాయ్ బండి దగ్గర మిరపకాయ బజ్జీలు నా మ్యాపుల్లో పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. చలికాలమంతా మోకాళ్ళరిగేలా తిరిగి గుర్తుపెట్టిన పుట్టలు, బండలు, వాగులు, వాటి మీద శనగపిండి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అదృష్టం కొద్దీ ఇంకా విప్పని కట్టలు గోడవారన ఉన్నాయి. వాటిని ఎత్తుకుని పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి పరిశీలకురాలి ముందు పెట్టాను.

ఆవిడ ఆలోచించింది. జెండాలన్నీ రెండో కొండకు మారుస్తాం, అందరికీ పాత మ్యాపులిస్తాం. సున్నం గీతలకూ పోటీకీ సంబంధం లేదని అన్ని జట్లకూ సాయంత్రమే చెప్పేస్తాం. అలా అయితే అందరికీ సమానమే అని ఒప్పుకుంది. ఇక కార్యదర్శి గారు ఒప్పుకోవాలి. రద్దయితే ముఖ్య అతిథి రాడు, వేదిక వృథా అన్నాను. ఆ మాట చెవికెక్కింది. కానీ ఆటగాళ్ళు వేదిక ముందుకే రావాలని పట్టుబట్టాడు. దానికీ దారి దొరికింది. చివరి జెండా నుంచి ముగింపు దాకా మాత్రం దారి గుర్తుపెట్టాలని ఆ నియమాల పుస్తకంలోనే ఉంది. చివరి జెండాను మైదానం అంచున పెట్టాం. ఆయన ముచ్చట తీరడానికి అక్కడొక్కచోట సున్నం గీయమన్నాను. ఆ రోజంతా నేనూ ఆవిడా జెండాలు మోసుకుంటూ కొండెక్కి దిగాం. దిగేటప్పుడు ఆవిడ నా మోకాళ్ళ వంక చూసి తన చేతికర్ర ఇచ్చింది. అంత పని చేసిన మనిషి ఒక్క మాట గొప్పగా చెప్పుకోకపోవడం మా సంఘాల్లో నేను చూడని వింత.

పోటీ రోజు పొద్దున్నే ముఖ్య అతిథి వచ్చాడు. త్వరగా వెళ్ళిపోవాలన్నాడు. ఆటగత్తెలను కొద్ది నిమిషాల తేడాతో ఒక్కొక్కరినీ వదులుతారు. చివరికి ఎవరెంత సేపు తీసుకున్నారో చిప్ లెక్క చెబుతుంది. అందుకే ముందు వచ్చినవాళ్ళు గెలిచినట్టు కాదు. ఈ సంగతి కార్యదర్శి గారికి చెప్పాను, "బరాబర్" అన్నాడు.

మన అమ్మాయిలు ముగ్గురు. వాళ్ళు బయల్దేరే గీత దగ్గరికి వచ్చినప్పుడు ఆశీర్వదించే నెపంతో ఆయన కూడా అక్కడికొచ్చాడు. ఒక్కొక్కరి నెత్తి మీదా చెయ్యి పెట్టి చెవిలో ఏదో అన్నాడు. మా కిష్టారం పిల్ల వంతు వచ్చేసరికి నేను పక్కనే ఉన్నాను, విన్నాను.

"మ్యాపు గీపు పక్కన పెట్టు బేటీ. నిన్నటి సున్నం అట్లాగే ఉంది. అది పట్టుకుని ఒక చుట్టు వేస్తే వేదిక వెనక్కి వచ్చేస్తావు. సాబ్ తొందరలో ఉన్నారు, ఎవరు ముందొస్తే దండ వాళ్ళ మెళ్ళోనే. జెండాలు ఎవరు చూస్తారు? వచ్చే ఏడాది జట్టు కాయితం మీద సంతకం చేసేది నేనే, యాద్ ఉంచుకో."

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అన్న సామెత మీదే ఆయన ఆటల సంఘాలన్నీ నడిచాయి. నా ఒళ్ళు మండిపోయింది. కానీ బయల్దేరే గీత దగ్గర ఆటగత్తెతో నేను మాట్లాడితే తనకే నష్టం, పోటీ నుంచి తీసేస్తారు. పళ్ళు కొరుక్కుని నిలబడ్డాను. ఆ పిల్ల ఆయన వంక చూడలేదు, నా వంక చూడలేదు. సైరన్ మోగింది. మ్యాపు అందుకుని అడవిలోకి పరుగెత్తింది. ఎటు తిరిగిందో చెట్లు అడ్డొచ్చి కనిపించలేదు.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. కాసేపటికే వేదిక వెనక నుంచి మన అమ్మాయి ఒకతె పరుగెత్తుకొచ్చింది. జగదల్‌పూర్ పిల్ల. బాజాలు మోగాయి. కార్యదర్శి గారు "భారత్ కీ బేటీ" అని మైకులో కేక పెట్టాడు. ముఖ్య అతిథి ఉన్న ఒక్క బంతిపూల దండా ఆమె మెళ్ళో వేసి, ఫొటో దిగి, కారెక్కి వెళ్ళిపోయాడు. ఆ వెనకే మన రెండో అమ్మాయీ అదే సున్నం మీద వచ్చింది. పరిశీలకురాలు దండ వేసుకున్న పిల్ల చిప్ తీసుకుని యంత్రానికి తాకించింది. అందులో ఒక్క జెండా కూడా లేదు. తర్వాతి పిల్లదీ అంతే. ఇద్దరినీ పోటీ నుంచి తీసేశారు. జగదల్‌పూర్ పిల్ల దండ తీయాలో ఉంచాలో తెలియక అలాగే నేల మీద కూర్చుని ఏడ్చింది. ఆ పిల్ల తప్పేం లేదు. పెద్దవాళ్ళ మాట వినమని పుట్టినప్పటి నుంచి నేర్పాం, విన్నది.

మా పిల్ల కోసం చూస్తున్నాను. వేదిక వెనక వైపే నా కళ్ళు పోతున్నాయి, అటు నుంచి రాకూడదని. విదేశీ అమ్మాయిలు ఒక్కొక్కరే కొండ వైపు నుంచి వస్తున్నారు, చేతులు గీరుకుపోయి, చెమటలు కారుతూ. చాలాసేపైంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చలో నెగ్గుకొచ్చిన పిల్లకు ఇంట్లోనే ఇన్ని గుంతలు తవ్వారేమిరా అనుకుంటున్నాను. అప్పుడు మైదానం అంచున చివరి జెండా దగ్గర కనిపించింది. కొండ వైపు నుంచే. మోచేతి దగ్గర రక్తం, జుట్టులో ఎండాకులు. చిప్ తాకించి ముగింపు దాకా పరుగెత్తింది. ముగింపు దాటగానే బోర్లా పడింది.

యంత్రం ఆమె చిప్‌లో అన్ని జెండాలూ వరుసగా చూపించింది. ఆ రోజు మొదటి స్థానం కాదు. ఇద్దరు ముగ్గురు విదేశీయుల తర్వాత. సీజన్ మొత్తం కలిపితే జట్టులో చోటుకు అది చాలు. పరిశీలకురాలు నా వైపు తిరిగి మొదటిసారి నవ్వింది. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి, సున్నం దుమ్ము అని చెప్పి తుడుచుకున్నాను.

కార్యదర్శి గారు వచ్చాడు. ముఖంలో బాధ ఉంది, తప్పు చేశానని కాదు, దండ అయిపోయిందని.

"నా మాట వినలేదేం బేటీ? ఫొటో నీకు పడేది కదా."

ఆ పిల్ల నీళ్ళ సీసా కింద పెట్టి లేచి నిలబడింది.

"సార్, మా ఊరి కాన్నుంచి అంగడికి పోయే తొవ్వకు క్యాంపోళ్ళు రెండు దిక్కుల సున్నం పోసిండ్రు. దాటితే పేలుతదని మా అమ్మ నా జుట్టు పట్టుకొని నడిపించేది. మా ఆవు దాటింది. దాని తోక కూడ దొరకలే. చిన్నప్పటి సంది గీతల నడుమనే నడిచిన. గీత లేని కాడ ఉరుకొచ్చని ఈ ఆటకొచ్చిన. మీరు ఈడ గూడ గీసిండ్రేంది సార్?"

కార్యదర్శి గారి కళ్ళు మెరిశాయి.

"వాహ్! ఎంత బాగా చెప్పింది! అరే, మైక్ తెండి. బేటీ, ఇదే హిందీలో ఇంకోసారి చెప్పు, పేపర్ వాళ్ళున్నారు."

ఆ పిల్ల చెప్పలేదు. నేల మీద ఏడుస్తున్న జగదల్‌పూర్ పిల్ల దగ్గరికి వెళ్ళి, దండ మెడ నుంచి తీసి కుర్చీ మీద పెట్టి, చెయ్యి పట్టుకుని లేపింది. మరుసటి రోజు పేపర్లో, ఆటగాళ్ళెవరూ దారి తప్పకుండా కార్యదర్శి గారు చేసిన ఏర్పాట్లను విదేశీయులు మెచ్చుకున్నారని రాశారు. జట్టు కాయితం మీద ఆయన సంతకం చేశాడు, చేస్తూ ఫొటో కూడా దిగాడు.

పోటీ రోజు సాయంత్రం, వాళ్ళు వెళ్ళే బస్సు రోడ్డు మీద ఆగి ఉంది. వేదిక దగ్గర నుంచి అక్కడిదాకా కూడా ముఖ్య అతిథి కోసం సున్నం పోయించాడు మహానుభావుడు. ఇద్దరు పిల్లలూ చేతులు పట్టుకుని నడుస్తున్నారు. మా పిల్ల బూటు అంచుతో గీతను రాస్తూ, చెరిపేస్తూ నడుస్తోంది. కాసేపటికి జగదల్‌పూర్ పిల్ల కూడా ముక్కు తుడుచుకుని కాలు ఈడ్చడం మొదలెట్టింది. వాళ్ళ వెనక నేను. నా చెప్పు కూడా ఈడ్చాను. మోకాలు కలుక్కుమంది. అయినా బస్సు దాకా ఈడ్చాను.